జూన్ ఒకటి పుట్టినోళ్లం

మా వాడల ముప్పై ఐదేండ్లు దాటినోళ్లను ఎవర్నన్న పుట్టిన తారీఖు అడుగుండ్రి. జూన్ ఒకటి అంటరు. కాకపోతే జులై ఒకటి అంటరు. ఒక్క వాడల ఇంతమందిమి ఒక్కనాడే ఎట్ల పుట్టినమని పరేషాన్ కావద్దు. మమ్ములను కన్నది మా అవ్వలు. మాకు పుట్టినరోజు పెట్టింది బడిపంతులు. బడిల షరీకు చేయ తోలుకపోతే పిలగాని కుడిచెయ్యి నెత్తి మీంచి తిప్పి ఎడమ చెవి పట్టుకొమ్మనేటోడు. అందితే అయిదేండ్లు నిండినట్టు. ఇగ తారీఖేముంది, బడి తెరిచే నెల మొదటి రోజు రాసేస్తే లెక్క సాఫ్. మా అవ్వ లెక్కల నేను నాట్ల మీద పుట్టిన. మోకాళ్ల దాక బురదల ఉండంగ నొప్పులొచ్చినయట. సర్టిఫికెట్ల లెక్కల నేను 1 జూన్ 1988న పుట్టిన. ఇప్పుడు నేనే పంతుల్ని. 2012 డీఎస్సీల నౌకరొచ్చింది. ఆ పంతులు రాసిన అబద్ధం మీదనే రేపు నా రిటైర్మెంటు కూడ జరుగుతది.

ఈ వ్యాసం నా గురించి కాదు, మా మేనమామ కొడుకు గురించి. బావ కూడ జూన్ ఒకటే, 1971. ఇరవై ఆరేండ్లు కంప్యూటర్ ప్రోగ్రాములు రాసి, 2024ల నౌకరి పోయి, ఇప్పుడు నెలకు పదిహేను రోజులు సుల్తానాబాద్‌ల మా అత్త దగ్గర ఉంటున్నడు. దళితుల ఆత్మకథలంటే జీతగాండ్లవి, కూలీలవి, ఉద్యమాల తిరిగినోళ్లవి, కవులవి వచ్చినయి. రావలసిందే, ఇంకా రావాలె. కాని సాఫ్ట్‌వేరులకు పోయిన మనోళ్ల చరిత్ర ఎవరు రాయలె. వాళ్లు రాసుకోరు. ఎందుకు రాసుకోరో ముందు ముందు చెప్త.

మేం నేతకానోళ్లం. షెడ్యూల్డ్ కులాల జాబితాల 'మాల సాలె, నేతకాని' అని ఒకే గీత మీద ఉంటది మా పేరు. కరీంనగర్, ఆదిలాబాద్ దిక్కు ఎక్కువుంటం. పేరులనే పని ఉన్నది. మా తాత గుంటమగ్గం మీద ముతక పంచెలు, దుప్పట్లు నేసేటోడు. మా అవ్వమ్మ కండెలు చుట్టేది, పడుగుకు గంజి పెట్టేది. సాలోళ్లకు పురాణం ఉన్నది, మార్కండేయుడున్నడు, ఊర్ల గుడి ఉన్నది. వాళ్ల కష్టాన్ని తక్కువ చేస్తలేను, సిరిసిల్లల మరమగ్గాల మధ్య ఎంతమంది ఉరిపోసుకున్నరో మనకు తెలుసు. కాని అదే పడుగు, అదే పేక, అదే నాడె పట్టుకున్న మా తాతకు ఊర్ల జాగ లేకుండె, వాడల ఉండె. నేసిన దుప్పటి కప్పుకునేటోళ్లు, నేసినోణ్ణి అరుగు ఎక్కనియ్యకపోయేటోళ్లు. మిల్లు బట్టలొచ్చినంక మగ్గం మూలకు పడ్డది. గుంటల మన్ను పోసి పూడ్సిండ్రు. మా అయ్య సుల్తానాబాద్ రైస్ మిల్లుల హమాలీ అయిండు. మా మామ కూడ హమాలీనే. సుల్తానాబాద్ అంటే తెలియనోళ్ల కోసం చెప్తున్న: రాజీవ్ రహదారి మీద కరీంనగర్‌కు, పెద్దపల్లికి నడుమ ఉంటది. మా పట్నానికి పేరే రైస్ మిల్లులతోటి. ఉడికిన వడ్ల వాసన మాకు పుట్టినప్పటి నుంచి ముక్కులనే ఉన్నది.

బావ ఎస్సీ హాస్టల్ల చదివిండు, తెలుగు మీడియం. కరీంనగర్ల డిగ్రీ, ఉస్మానియాల ఎంసీఏ. మా కుటుంబాల్ల డిగ్రీ పట్టా చూసిన మొదటి తరం మేమే. అందుల మొదటోడు బావ, ఆయన వెనుక నేను. 1997ల అమీర్‌పేట మైత్రీవనం దగ్గర ఒక్క రూముల ఆరుగురు పండుకొని మెయిన్‌ఫ్రేమ్ కోర్సు నేర్సుకున్నడు. మామ సేటు దగ్గర అడ్వాన్సు తీసుకొని ఫీజు కట్టిండు. ఆ అడ్వాన్సు తీరేదాక రెండేండ్లు ఇంకో మిల్లుకు పోరాకపాయె.

ఇక్కడ కొంచెం చరిత్ర చెప్పాలె. మన విద్యార్థులకు కంప్యూటర్ అంటే ఆకాశం నుంచి అమెరికాల దిగినట్టు చెప్తున్నరు. దాని తాత మగ్గం. ఫ్రాన్సుల లియాన్ అనే నేతగాండ్ల పట్నంల 1804ల జకార్డ్ అనేటాయన మగ్గానికి బెజ్జాల అట్టలు కట్టిండు. బెజ్జమున్న కాడ పోగు లేస్తది, లేని కాడ లేవది. అట్టలు మారిస్తే పువ్వు మారుతది, మగ్గం మాత్రం అదే. ఇంగ్లండుల బాబేజీ తాను తలపెట్టిన లెక్కల యంత్రానికి ఆ అట్టలే కావాలనుకున్నడు. 1843ల ఏడా లవ్‌లేస్ ఆ యంత్రం గురించి రాసినప్పుడు మగ్గంతోటే పోల్చింది. తర్వాత అమెరికాల 1890 జనాభా లెక్కలకు హోలరిత్ అనే ఇంజనీరు మనుషుల వివరాలను బెజ్జాలుగ కొట్టి మిషన్‌తోటి లెక్కపెట్టిచ్చిండు. ఆయన కంపెనీ 1911ల ఇంకో రెండు మూడిట్ల కలిసి, 1924ల ఐబీఎం అని పేరు పెట్టుకున్నది. బట్ట నేసే అట్ట మనుషుల్ని లెక్కపెట్టే అట్ట అయింది, అదే కంప్యూటర్ అట్ట అయింది.

దీన్ని పట్టుకొని మా తాతకు కంప్యూటర్ తెలుసు అని నేను అనను. అట్లాంటి మాటలు అనేటోళ్లు వేరే ఉన్నరు. సంస్కృతం కంప్యూటర్‌కు అన్నిటికంటె అనువైన భాష అని మా స్టాఫ్‌రూముల కూడ ఒక సారు వారానికొకసారి చెప్తడు. 1985ల ఒక అమెరికా పరిశోధకుడు సంస్కృత వ్యాకరణం మీద రాసిన వ్యాసం ఒకటున్నది, దాన్ని తెంపి, సాగదీసి నలభై ఏండ్లుగ తిప్పుతున్నరు. బావ ఇరవై ఆరేండ్లల సంస్కృతంల ఒక్క లైను రాయలె, రాసినోణ్ణి చూడలె. కాని తను రాసిన కోబాల్‌ల ప్రతి లైనుకు ఎనభై గడులే ఎందుకుంటయంటే, ఐబీఎం 1928ల చేసిన బెజ్జాల అట్టకు ఎనభై నిలువు వరుసలున్నయి కాబట్టి. అట్టలు పోయినయి, ఎనభై మిగిలింది. అందుల కూడ మొదటి ఆరు గడులు లైను నంబరుకు, ఏడోది గుర్తుకు, ఎనిమిది నుంచి డెబ్భై రెండు దాక నీ ఇష్టం. డెబ్భై రెండు దాటి ఏం రాసినా మిషన్ చదవది. "మన వాడ లెక్కనే బామ్మర్దీ, గీత అవతల ఉన్నది గీత అవతలనే" అని నవ్విండు బావ ఇది చెప్పుకుంట.

మన దగ్గర ఈ పని ఎట్ల మొదలైందో కూడ చూడాలె. హైదరాబాద్‌ల 1967ల ఈసీఐఎల్ పెట్టిండ్రు, రెండేండ్లల టీడీసీ-12 అనే కంప్యూటర్ తయారుచేసిండ్రు. 1975ల సీఎంసీ అని ఇంకో సర్కారు కంపెనీ వచ్చింది. 1978ల ఐబీఎం దేశం విడిచిపోతే ఆ మిషన్లను బాగుచేసే పని సీఎంసీకే వచ్చింది. ఇవి ప్రభుత్వ రంగ సంస్థలు కాబట్టి రిజర్వేషన్ ఉండె. కాని అప్పుడు నౌకర్లు కొన్నే. 1990ల మండల్ ప్రకటన, 1991ల సరళీకరణ. నౌకర్లు వందల నుంచి లక్షలకు పెరిగిన కాలంల, పెరిగినయన్ని ప్రైవేటుల పెరిగినయి. 1998 నవంబరుల సైబర్ టవర్స్ తెరిచిండ్రు. 2001ల సీఎంసీని టాటాలకు అమ్మిండ్రు. రిజర్వేషన్ ఉన్న కాడ పని లేదు, పని ఉన్న కాడ రిజర్వేషన్ లేదు. ఇది ఎవరో కుట్ర చేసి తారీఖులు కలిపిండ్రని నేను అంటలేను. తారీఖులు మీ ముందట పెడుతున్న.

బావకు నౌకరి ఇచ్చింది ప్రతిభ చూసి కాదు, తొందర చూసి. పాత కాలంల కంప్యూటర్ల జాగ బంగారం కాబట్టి సంవత్సరానికి రెండంకెలే పెట్టేటోళ్లు. 1971 అంటే 71. 2000 వస్తే రెండు సున్నాలు, అది 1900 అనుకుంటది మిషన్. ప్రపంచంల బ్యాంకులు, బీమా కంపెనీలు భయపడ్డయి. కోట్ల లైన్ల పాత కోబాల్ తిరగెయ్యాలె, మనుషులు కావాలె. అమెరికా సర్కారు హెచ్1బీ వీసాల కోటాను 65 వేల నుంచి 1999ల 1,15,000కు పెంచింది, 2001ల 1,95,000కు పెంచింది. ఆ కోటా మీద ఎగిరిపోయినోళ్లు ఒక్కడు కూడ "కోటా అయితే ప్రతిభ ఏం గావాలె" అని అడగలె.

1998ల ఒక కంపెనీల చేరి, ఏడాదికి అమెరికా పోయి, బావ చేసిన పని ఏందంటే పుట్టిన తారీఖులు సరిచేసుడు. ఒక బీమా కంపెనీ ఫైలు. పాలసీదారు పుట్టిన సంవత్సరం 97 అని ఉంటది. అది 1897నా, 1997నా? పండు ముసలిదా, పాలు తాగే పిల్లనా? ఇంకో ఫైలు తీసి, పాలసీ ఎప్పుడు మొదలైందో చూసి, తేల్చి నాలుగంకెలు రాయాలె. అట్ల వేల మందికి రాసిండు. "రాత్రి రెండు గంటలకు, బయట మంచు పడుతుంటే, ముక్కు మొగం తెలియని తెల్ల ముసలమ్మ పుట్టిన ఏడు కోసం గంటసేపు ఎతికిన. దొరికినంక కుర్చీల ఎనుకకు ఒరిగి నవ్విన. నేను ఏ ఏడు పుట్టిన్నో నాకే తెల్వదు కదా అని." ఈ మాట బావ నాకు ఎస్సారెస్పీ కాలువ కట్ట మీద కూసొని చెప్పిండు. చెప్పినంక చానసేపు నీళ్ల దిక్కు చూసిండు.

అయినా ఆ పనంటే బావకు ప్రేమ. నేనది ఒప్పుకోవాలె. నేను కంపెనీలను తిడుదామని కూసుంటే ఆయన ప్రోగ్రాముల ముచ్చట పెడతడు. ఒక్క ఫుల్‌స్టాప్ మరిస్తే వంద తప్పులు చూపిస్తదట కోబాల్, ఆ ఒక్క చుక్క పెడితే వందా మాయమైతయట. అందరు అనుకున్నట్టు అది రాసే పని కాదట, చదివే పని. ఎవరో ఎప్పుడో రాసింది అర్థం చేసుకోవాలె. ఒకసారి ఒక ప్రోగ్రాము నెత్తి మీద రాసినోని పొడక్షరాలు, 1974 అనే ఏడు కనపడ్డయట. "నాకంటే మూడేండ్లు చిన్నది, నాకంటే ఎక్కువ పని చేసింది" అని దాన్ని తెంపకుండ, ఒక్క కాడ కొత్త లైను జొప్పించి వదిలేసిండట. నాకు మా తాత యాదికొచ్చిండు. పడుగుల పోగు తెగితే మగ్గం ఆపి, రెండు కొసలు తీసుకొని, వేళ్ల నడుమ తిప్పి ముడి వేసేటోడు. బట్ట మీద చేయి పెట్టి చూస్తే కూడ ముడి తగలకపోయేది.

ఇంకో మాట కూడ అన్నడు. "ఇంటర్వ్యూల నా ఇంగ్లీషు విని నవ్విండ్రు. క్లయింటు ఫోన్ చేస్తే నన్ను మాట్లాడనియ్యకపోయేటోళ్లు. కాని మిషన్ ఒక్కనాడు నవ్వలె. నువ్వు ఏ ఊరు, ఇంటిపేరేంది అని అడగలె. తప్పుంటే తప్పన్నది, ఒప్పుంటే ఒప్పన్నది. సదువుకున్నప్పుడు గసొంటి పంతులు ఒక్కడు దొరకలె నాకు." ఒక పంతులుగ నేను తల వంచుకున్న.

మిషన్ అడగకపోతే ఏమాయె, పక్క కుర్చీల కూసున్నోడు అడిగిండు. హైదరాబాద్‌ల తిరిగొచ్చినంక చేరిన కంపెనీల, మొదటి వారం, అన్నం తినే కాడ. "మీరేమిట్లు?" బావ అన్నడు, "మాది నేత పని." అడిగినోడు తల ఊపిండు. "ఓ, పద్మశాలీలా!" బావ కాదనలె. అవునని కూడ అనలె. టిఫిన్ మూత తీసిండు. అగో, ఆ ఒక్క మూత తీసుడుతోటి ఇరవై ఏండ్లు పద్మశాలి అయిండు. ఎవరన్న పద్మశాలి సంబంధాలు చెప్తె నవ్వి ఊరుకున్నడు. ఇంట్ల పెద్దకూర వండిన తెల్లారి బాక్సు తీసుకపోలేదు. అంబేడ్కర్ జయంతి నాడు సెలవు పెట్టలేదు, ఎందుకు పెట్టినవని అడుగుతరని.

2011ల మా మామ చచ్చిపోయిండు. టీములోళ్లు కారు మాట్లాడుకొని మట్టికి వస్తమన్నరు. మంచోళ్లే, ప్రేమతోటే అన్నరు. బావ వద్దన్నడు. తొవ్వ బాగలేదన్నడు. రాజీవ్ రహదారి మీద ఊరు పెట్టుకొని తొవ్వ బాగలేదన్నడు! శవం ముందట డప్పులు కొడుతుండంగ బావ ఫోనుకు అరచెయ్యి అడ్డం పెట్టి, ఇంటెనుక చింతచెట్టు కిందికి ఉరికిండు. ఆ సప్పుడు వినబడొద్దని. నేను చూసిన. అప్పుడు నాకు అర్థం కాలె. మామ రెండేండ్లు బస్తాలు మోసి తీర్చిన అడ్వాన్సు యాదికొచ్చి కోపమొచ్చింది.

ఆ కోపం పోయినేడు దాక దాచుకొని ఒకనాడు అడిగేసిన. "బావా, నువ్వు దాక్కున్నవ్." బావ కోపానికి రాలె. "నీకు సర్కారు నౌకరి బామ్మర్దీ. నీ కులం నీ ఆర్డర్ కాపీ మీదనే అచ్చైంది. అది తెలిసి నిన్ను ఎవ్వడు తీసేయలేడు. నాకు ఏడాదికొకసారి మేనేజర్ మార్కులేస్తడు. ఆ మార్కులు ఎందుకు తగ్గినయో కాగితం మీద ఉండది." నా దగ్గర జవాబు లేకపాయె. బీఈడీ చదివేటప్పుడు కరీంనగర్ల కిరాయి రూము కోసం నేను కూడ ఇంటిపేరు మింగిన. ఆ ఓనరు ముందట నేను అన్న మాట ఇక్కడ రాయలేను.

ఇది మా బావ ఒక్కడి పిరికితనం అయితే నేను రాయకపోదును. 2020ల అమెరికాల కాలిఫోర్నియా ప్రభుత్వ శాఖ సిస్కో కంపెనీ మీద కేసు వేసింది, ఒక దళిత ఇంజనీరుకు పైకులాల ఇండియన్ సూపర్‌వైజర్ల చేతుల వివక్ష జరిగిందని ఆరోపణ. 2023ల ఆ ఇద్దరు సూపర్‌వైజర్ల మీది కేసును ఉపసంహరించుకున్నరు. కంపెనీ ఆరోపణను ఒప్పుకోలె. అదే ఏడు ఫిబ్రవరిల సియాటిల్ నగరం కుల వివక్షను నిషేధించింది. అక్టోబరుల కాలిఫోర్నియా గవర్నర్ అట్లాంటి బిల్లునే వీటో చేసిండు. ఆ వార్తలొచ్చిన దినాల్ల బావ ఆఫీసుల అందరు మాట్లాడుకున్నరట, సాఫ్ట్‌వేరుల కులమెక్కడిది అని. బావను కూడ అడిగిండ్రట. "మీరు చెప్పండి, మనదగ్గర ఎప్పుడన్నా చూశారా?" అడిగినోళ్లల్ల మొదటి వారం "మీరేమిట్లు" అన్నాయన కూడ ఉన్నడు.

2024ల యాభై దాటినోళ్లను ఒక్కొక్కరిని పిలిచి కాగితం చేతుల పెట్టింది కంపెనీ. కోడ్ రాసే మిషన్లొస్తున్నయి, మీ జీతం బరువైందని సారాంశం. బావ గొడవ పెట్టలె. ఇప్పుడు ఆయన సుఖాలు చిన్నయి. పొద్దుగాల బస్టాండు హోటల్ల చాయ్, రెండు పేపర్లు. అత్త చేసిన సర్వపిండి గంజుల నుంచి వేడివేడిగ. ఎండు రొయ్యలు, వంకాయ. మూత తీసేటప్పుడు ఎవరు చూస్తున్నరన్న రంది లేదు. "ఇరవై ఏండ్లు నేను అన్నం దొంగలెక్క తిన్న" అన్నడు ఒకసారి, ముల్లు తీసుకుంట.

అదే 2024 నవంబరుల సమగ్ర ఇంటింటి సర్వే వచ్చింది. మా అసొంటి టీచర్లమే ఎన్యూమరేటర్లం. డెబ్భై ఐదు ప్రశ్నలు. చాన ప్రశ్నలకు జవాబు మాటల్ల కాదు, కోడ్ నంబరు. కులానికి కూడ. హోలరిత్ అట్టలు నా ప్యాడ్ మీదికొచ్చినట్టనిపించింది. నేను మా వాడ తిరిగిన, జనం గట్టిగ చెప్పి రాయిచ్చుకున్నరు. బావ పేరు హైదరాబాద్ ఫ్లాటుల ఉన్నది, అక్కడికి ఒక మేడం వచ్చిందట. ఎదురింటాయన తలుపు తీసుకొని అక్కడనే నిలబడ్డడట. కులం అడిగింది మేడం. "ఏం చెప్పినవ్ బావా?" అన్న. "పెన్ను తీసుకొని నంబరు నేనే రాసిచ్చిన" అన్నడు. 2025 ఫిబ్రవరిల లెక్కలు వచ్చినయి. రాష్ట్రంల ఎస్సీలు 17.43 శాతం. ఆ అంకెల బావ ఉన్నడు, నోరు తెరవకుండ ఉన్నడు. 2027 జనగణనల కులం కూడ లెక్కపెడతమని కేంద్రం ప్రకటించింది. అప్పుడేం చేస్తవని అడగలె నేను.

ఇప్పుడు ఆదివారాలు బావ పాత ల్యాప్‌టాప్ పట్టుకొని మా ఇంటి ముందట కూసుంటడు. ఎనిమిది, తొమ్మిది చదివే పిల్లలు పది పన్నెండు మంది వస్తరు. ఎక్కువ ఆడపిల్లలు. మొదటి పాఠం, పేరు, పుట్టిన తారీఖు తీసుకొని ఎన్ని దినాలు బతికినమో చెప్పే ప్రోగ్రాము. తెలుగు అక్షరాల్ల పేరు తెర మీద పడేసరికి పిల్లలు ఎగిరిండ్రు. వీళ్లందరికి దవాఖాన కాగితాలున్నయి, పుట్టిన గంటతోటి సహ. ఒక పిల్ల లేచి, "మామా, మీది కూడ కొట్టుండ్రి" అన్నది. బావ 01-06-1971 కొట్టిండు. అంకె రాకముందే చెరిపేసిండు. లోపల బియ్యం చెరుగుతున్న అత్తను పిలిచిండు.

"అవ్వా, నేను ఎప్పుడు పుట్టిన్నే?"

"కరువుకు ముందటేడురా. జొన్న కోతలప్పుడు. మీ అయ్య అప్పుడు ఇంకా మగ్గం నేస్తుండె, నువ్వు ఏడుస్తుంటే నాడె ఆపి చూసిండు."

పిల్లలు బావ దిక్కు చూసిండ్రు, గడుల ఏం కొడతడా అని. ఆ ప్రోగ్రాము రాసింది ఆయనే. తారీఖు, నెల, ఏడు తప్ప ఇంకేం తీసుకోదది. బావ చానసేపు కీబోర్డు మీద వేళ్లు పెట్టి కూసున్నడు. తర్వాత ఆ పిల్లకు ల్యాప్‌టాప్ తిప్పి, జొన్న కోతలు అని కొట్టినా తీసుకునేటట్టు దీన్ని ఎట్ల మార్చాలె, చెప్పు అన్నడు.